గుంట పుస్తకం

పొద్దున ఆరింటికి మొదటి గుంట.
అద్దం మీద ఒక్క చుక్క వేసి
వెలుతురుకేసి ఎత్తి చూస్తాను.
ఉప్పు పద్దెనిమిది. రంగు లేతాకుపచ్చ.
గట్టు మీద నిలబడి వెంకటాద్రి నాయుడు
"ఎట్టుండాదిమ్మా?" అంటాడు.
నీళ్ల సంగతైతే చెప్పగలను.

ఇంట్లో ఇదే మాట చెంగమ్మక్క అడుగుతుంది,
"ఎట్టుండావు మే?"
దానికి నా సంచిలో పరికరం లేదు.
నవ్వితే ఆమె చూపు మాత్రల అట్ట మీదికి పోతుంది.
నవ్వకపోయినా అక్కడికే.

మైపాడు దారిలో ఈ గుంటల మధ్య
పదకొండేళ్లుగా తిరిగేదాన్ని, ఒకటి తెలుసు:
మధ్యాహ్నం మరీ పచ్చగా తుళ్లిపడే గుంటే
తెల్లారుజామున ఊపిరందక
రొయ్యల్ని పైకి తేలుస్తుంది.
రైతు మధ్యాహ్నం చూసి మురుస్తాడు.
నేనూ నన్నట్టా చూసే మురిశాను.

మొన్నటేడు మాఘంలో
తొమ్మిది రాత్రులు నిద్ర అక్కర్లేకపోయింది.
నలభై ఎకరాలు లీజుకు మాట్లాడాను.
హేచరీకి ఫోన్ చేసి ఇరవై లక్షల పిల్ల చెప్పాను.
ఇందుకూరుపేట సెంటర్లో
ముఖం తెలియని వాళ్లందరికీ చెరుకురసం పోయించాను.
శ్రీహరికోటలో రాకెట్టు లేచిన రాత్రి
ఊరంతా మిద్దెలెక్కి చూసింది.
నేను మాత్రం చెయ్యెత్తాను.
నా సైగకే లేచిందనుకున్నా.
జబ్బనిపించలేదు, ప్రమాణంగా.
ఇన్నాళ్లకు నేను నేనయ్యానని అనిపించింది.
మిగతా బతుకంతా తుడవని అద్దం.

తర్వాత బురద.
బురదా అదే మాట చెప్పింది, గొంతు మార్చి:
ఇదే నువ్వు. ఆ వెలుగంతా అబద్ధం.
మూడు నెలలు తల దువ్వుకోలేదు.
చెరుకురసం బాకీ అక్క తీర్చింది.
ఆ సంగతి చెవినపడితే
గోడవైపు తిరిగి పడుకున్నా.

లోపల ఇద్దరు కరణాలు.
ఎవరు కూర్చుంటే వాళ్లు
పుట్టినప్పటి నుంచీ లెక్కలన్నీ తిరగరాస్తారు,
ఏడేళ్లప్పుడు నాన్న కొట్టిన దెబ్బతో సహా.
ఒకరి పుస్తకంలో అది దీవెన.
రెండోవారి పుస్తకంలో అది న్యాయం.
దెబ్బ అని మాత్రం ఇద్దరూ రాయరు.

పొగతోట డాక్టరు రాసిచ్చిన మాత్ర
ఒకరకం ఉప్పేనట.
ఆ మాటకు నవ్వొచ్చింది.
అక్క అట్ట వైపు చూసింది.
ఊళ్లోవాళ్ల గుంటల్లో ఉప్పు కొలిచేదాన్ని,
మూడు నెలలకోసారి పొద్దుటి మాత్ర మింగకుండా
నా నెత్తుట్లో ఉప్పు కొలిపించుకోడానికి బస్సెక్కుతాను.
పాయింట్ ఎనిమిది. బాగుందన్నారు.
బాగున్నది నెత్తురా, నేనా?
అడగలేదు.

నాయుడు నా డబ్బులు ఎగ్గొట్టినప్పుడు వచ్చిన కోపం
నాదా, దానిదా అని
రెండు రోజులు వడియంలా ఆరబెట్టి చూశాను.
మూడో రోజుకీ ఉంది.
నాదేనని తేలాక పోయి అరిచాను.
బో హాయిగా ఉండింది.
ఆ హాయిని మళ్లీ అనుమానించాను.

అందుకే గుంటల పుస్తకంలో
చివరి పేజీలు నాకు పెట్టుకున్నా.
నిద్ర ఎన్ని గంటలు. ఫోన్లు ఎన్ని.
"నాకే తెలుసు" అని ఎన్నిసార్లన్నాను.
దిగులు అని రాయను, సంతోషం అని రాయను.
వాటి గురించి అవే చెప్పుకునే సాక్ష్యం
ఏ కోర్టులో చెల్లుతుంది?

మొన్న మళ్లీ రాకెట్టు.
చీకట్లో గుంట నీళ్ల మీద నారింజ గీత పాకింది.
ఏరేటర్ల నురగ ఒక్క క్షణం బంగారమైంది.
గుండె లేచింది.
చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడ్డా.
పక్కన కాపలా పోలయ్య
బీడీ తీసి "అబ్బా!" అన్నాడు, గట్టిగా.
ఆయనకీ లేచిందన్నమాట.

ఇంటికొచ్చి రాశాను:
నిద్ర ఆరున్నర. ఫోన్లు రెండు.
రాకెట్టు బాగుంది. పోలయ్య కూడా అన్నాడు.